ఆ బొమ్మలు మన దగ్గర ఏమీ దాచలేదు

"మూడో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి." ఈ సలహా వినకుండా మడోకా మాజికా అనే జపాన్ అనిమే (బొమ్మల సీరియల్) మొదలుపెట్టినవాళ్లు అరుదు. మొదటి రెండు ఎపిసోడ్లలో గులాబీ రంగు జుట్టున్న అమ్మాయి, ఆమె స్నేహితులు, పిల్లిలాంటి తెల్లటి జంతువు, టీ కప్పులు, కేకులు. మూడోదాని చివర్లో ఒక మంత్రగత్తె, తనతో పోరాడుతున్న మంత్రబాలిక మామి తోమోయె తల కొరికేస్తుంది. అసలు కథ అక్కడే మొదలవుతుందనీ, అంతకుముందు చూసిందంతా మనల్ని ఏమార్చడానికి కట్టిన రంగుల తెర అనీ అభిమానులు చెబుతారు. ఈ కోవకు చెందిన ప్రతి అనిమేకూ ఇదే పరిచయం: పైకి ముద్దుగా ఉంటుంది, లోపలంతా చీకటి, బొమ్మలు చూసి మోసపోవద్దు.

ఈ పరిచయంతో నాకు పేచీ ఉంది. ఈ రకం కథల్లో మంచివి మన దగ్గర ఏదీ దాచవు. మొదటి నిమిషం నుంచీ అన్నీ పట్టపగలే చూపిస్తాయి. ముద్దు మొహానికి దుఃఖం అంటదనీ, పిల్లల లోకంలో చెప్పుకోదగ్గ కష్టం ఉండదనీ ముందే తీర్మానించుకుని కూర్చునేది మనం. అందుకే కళ్లెదుట ఉన్నది కూడా కనిపించదు. ఈ మాట నిలబడాలంటే కథలు పూర్తిగా చెప్పాలి, మలుపులతో సహా చెప్పబోతున్నాను. ఇంకా చూడనివాళ్లు ముందు చూసి రండి, వ్యాసం ఎక్కడికీ పోదు.

మడోకా మొదటి ఎపిసోడ్ దేనితో మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. కూలిన నగరం, ఆకాశంలో ఒక భీకరాకారం, దానితో ఒంటరిగా పోరాడి ఓడిపోతున్న హోమురా అనే అమ్మాయి. దూరం నుంచి చూస్తూ తల్లడిల్లుతున్న మడోకాతో క్యూబే అనే ఆ తెల్లటి జంతువు, నాతో ఒప్పందం చేసుకుంటే ఈ విధిని నువ్వు మార్చగలవు అంటుంది. వెంటనే మడోకా తన పక్కమీద నిద్ర లేస్తుంది. కల అనుకుంటుంది. చూస్తున్న మనమూ కలే అనుకుని, ఆ వెంటనే వచ్చే హుషారైన పాటలో పడిపోతాం. పన్నెండు ఎపిసోడ్లలో జరగబోయేదాని సారం ఆ కలలో ఉంది. ఎవరూ దాన్ని దాచలేదు.

క్యూబే సంగతి అంతకన్నా స్పష్టం. ఆ జంతువు మాట్లాడేటప్పుడు నోరు కదలదు, మాటలు నేరుగా మనసులోకి వస్తాయి. ఎవరు ఏడ్చినా, ఎవరు చచ్చినా దాని మొహంలో మార్పుండదు. నీ కోరిక ఒకటి తీరుస్తాను, బదులుగా మంత్రబాలికగా మారి మంత్రగత్తెలతో పోరాడాలి అంటుంది. ఇది ఒప్పందమని తనే చెబుతుంది. ఆరో ఎపిసోడ్లో, అప్పటికే మంత్రబాలికగా మారిన స్నేహితురాలు సయాకా ఆత్మరత్నాన్ని (ఒప్పందంతో వచ్చే రత్నాన్ని) మడోకా వంతెన మీద నుంచి విసిరేస్తే అది కింద వెళ్తున్న లారీ మీద పడుతుంది. రత్నం వంద మీటర్ల దూరం దాటగానే సయాకా శవంలా కుప్పకూలుతుంది. ఆమె ప్రాణం శరీరంలో లేదు, ఆ రత్నంలో ఉంది. ఎందుకు చెప్పలేదని నిలదీస్తే క్యూబే జవాబు సూటిగా ఉంటుంది: మంత్రబాలికలవుతారా అని అడిగాను, ఆ మార్పు ఏ రూపంలో ఉంటుందో వివరించలేదు, అంతే. ముద్దొచ్చే జంతువు కాకుండా కోటు వేసుకున్న పెద్దమనిషి వచ్చి ఒక పద్నాలుగేళ్ల పిల్ల ముందు ఇలాంటి కాగితం పెట్టి ఉంటే మొదటి ఎపిసోడ్లోనే అనుమానించేవాళ్లం.

మామి మరణం గురించి అందరూ మాట్లాడతారు. దాన్ని వెన్నంటి వచ్చే నాలుగో ఎపిసోడ్ గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మొత్తం కథలో అత్యంత కఠినమైన దృశ్యం అక్కడే ఉంది. మర్నాడు ఉదయం మడోకా ఇంట్లో ఫలహారం. మొదటి ఎపిసోడ్లో చూసిన ఇల్లే: గాజు గోడలు, తోటలో టొమాటోలు, వంట చేసే నాన్న, ఆఫీసుకు పరిగెత్తే అమ్మ, చిట్టి తమ్ముడు. నాన్న చేసిన గుడ్డు నోట్లో పెట్టుకోగానే మడోకాకు కన్నీళ్లు ఆగవు. బాగుంది అంటుంది. బతికి ఉంటే నాన్న చేతి వంట ఇంత రుచిగా ఉంటుంది అంటుంది. ఇంట్లోవాళ్లకు ఏమీ అర్థం కాదు. మామి తలిదండ్రులు ఎప్పుడో పోయారు, ఒంటరిగా బతికింది. ఆమె లేదన్న సంగతి ఈ ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు తప్ప లోకానికి తెలియదు. ఆ టొమాటోల తోట, ఆ వెలుగు, ఆ పళ్లెం మనల్ని బుజ్జగించడానికి గీసినవైతే ఈ దృశ్యం ఇంత పదునుగా ఉండేది కాదు. మామికి దక్కనిది అదే. ఇద్దరు స్నేహితులు దొరికిన సంతోషంలో, ఒళ్లు తేలికగా ఉంది, ఇంక దేనికీ భయం లేదు అనుకుంటూ యుద్ధానికి వెళ్లి ఆమె చనిపోయింది. ఆ సంతోషమే ఆమెను ఏమరుపాటుకు గురిచేసింది. వెలుగునూ చావునూ విడదీసి, ఇది పైపూత, ఇది అసలు అనడం కుదరదు.

మరో మంత్రబాలిక క్యోకో తిండి కూడా అలాంటిదే. ఎప్పుడు కనిపించినా ఏదో ఒకటి నములుతూనే ఉంటుంది. ఆపిల్, చేప ఆకారపు తియ్యటి రొట్టె, చాక్లెట్ పూత పూసిన పుల్లలు. మొదట అదొక చిలిపి అలవాటు అనిపిస్తుంది. ఏడో ఎపిసోడ్లో అసలు విషయం చెబుతుంది. ఆమె తండ్రి మతబోధకుడు. లోకం ఆయన మాటలు వినడం మానేసింది, ఇంట్లో తిండికి కరువొచ్చింది. జనం నాన్న మాట వినాలి అన్నది క్యోకో కోరిక. జనం వచ్చారు. దాని వెనక కూతురి మంత్రం ఉందని తెలిశాక ఆయన ఆమెను మంత్రగత్తె అన్నాడు, చివరికి కుటుంబాన్నంతా చంపి తానూ చనిపోయాడు. ఆమె ఒక్కతే మిగిలింది. ఆ కథ చెప్పి సయాకాకు ఆపిల్ ఇస్తే, డబ్బులిచ్చి కొన్నావా అని సయాకా అడుగుతుంది. ఆకలి తెలిసిన పిల్లకూ, న్యాయం తప్ప ఇంకేదీ తెలియని పిల్లకూ మధ్య ఉన్న దూరమంతా ఆ ప్రశ్నలో ఉంది. ఇంత పని ఒక పండుతో చేయించిన రచయిత గెన్ ఉరోబుచి మీద, కేవలం దిగ్భ్రాంతి కలిగించడంలో దిట్ట అన్న ముద్ర వేయడం అన్యాయం.

పదో ఎపిసోడ్ సంగతి చెప్పకుండా ఉండలేను. కఠినంగా, అంతుపట్టకుండా కనిపించే హోమురా ఒకప్పుడు రెండు జడలు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, గుండె జబ్బుతో ఆస్పత్రిలో నెలల తరబడి ఉండి వచ్చిన బెదురు పిల్ల అని అక్కడ తెలుస్తుంది. మడోకాను కాపాడాలని అదే నెలను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి బతుకుతోంది. ప్రతిసారీ ఓడిపోతోంది. ఎపిసోడ్ చివర్లో, అప్పటిదాకా మొదట్లో వచ్చిన పాట వినిపిస్తుంది. క్లారిస్ బృందం పాడిన ఆ హుషారైన పాటలో మాట ఇచ్చి నిలబడేది హోమురా అని అప్పుడు తెలుస్తుంది. తొమ్మిదిసార్లు విన్నాం. మాటలు ఒక్క అక్షరం మారలేదు. దాన్ని ముద్దుపాట అనుకుని పక్కన పెట్టింది మనమే.

ఆ పదో ఎపిసోడ్ జపాన్‌లోని కాన్సాయ్ ప్రాంతంలో ప్రసారమైంది 2011 మార్చి 10 అర్ధరాత్రి దాటాక. కొన్ని గంటలకే తూర్పు తీరాన్ని భూకంపం, సునామీ ముంచెత్తాయి. చివరి రెండు ఎపిసోడ్లు ఆగిపోయి, ఏప్రిల్ 21 రాత్రి దాటాక గానీ రాలేదు. వాటిలో పదకొండోదాంట్లో జనమంతా తుపాను సహాయ కేంద్రంలో ఉంటారు, ఆ కేంద్రం నుంచి కూతురు బయటికి వెళ్లబోతుంటే తల్లి జుంకో అడ్డుపడుతుంది. చెంప మీద కొట్టి, నిన్ను ప్రేమించేవాళ్లు ఎలా ఉంటారో ఆలోచించావా అంటుంది. చివరికి కూతురి కళ్లలోకి చూసి వదిలిపెడుతుంది. దేశంలో లక్షలమంది నిజంగానే సహాయ కేంద్రాలకు చేరిన కొద్ది వారాలకు ఈ దృశ్యం వచ్చింది. ఆ రోజుల్లో జపాన్‌లో ఉండి దాన్ని చూసినవాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలనంతే.

ఇక బొమ్మలు. పాత్రలకు మొదటి రూపం ఇచ్చింది ఉమె అయోకి. చిత్రకళ చదివే అమ్మాయిల రోజువారీ జీవితం మీద నాలుగు గడుల కామిక్ గీసి పేరు తెచ్చుకున్న కళాకారిణి. దాన్ని అంతకుముందే షాఫ్ట్ స్టూడియో, దర్శకుడు అకియుకి షింబో అనిమేగా తీశారు. ఆమె గీసే మొహాలు వెడల్పుగా, చదునుగా, అతి తక్కువ గీతలతో ఉంటాయి. అంత తక్కువ గీతల మొహంలో కనురెప్ప కొంచెం వాలినా పెద్ద మార్పే. సయాకా నవ్వు మెల్లగా మొహానికి అంటించినట్టు మారిపోవడం ఆ గీతల వల్లే అంతగా గుచ్చుకుంటుంది. మంత్రగత్తెల లోకాన్ని గెకిదాన్ ఇను కర్రీ అనే ఇద్దరు కళాకారుల బృందం కత్తిరించిన కాగితాలు, గుడ్డపీలికలు, పాత ముద్రిత చిత్రాల ముక్కలతో కట్టింది. అదీ చిన్నపిల్లలు బడిలో చేసే పని లాంటిదే. పిల్లల చేతిపనిలో భయం లేదని ఎవరన్నారు?

ఇది 2011లో కొత్తగా పుట్టిన ఉపాయం కూడా కాదు. 1982లో మొదలైన మింకీ మోమో అనే మంత్రబాలిక కథలో నాయిక లారీ కింద పడి చనిపోతుంది. సైలర్ మూన్ మొదటి భాగం చివర్లో, 1993లో, నాయిక స్నేహితురాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె కోసం ప్రాణాలిస్తారు. ఆ రెండూ పిల్లల కోసం తీసినవి, పిల్లలు చూసే వేళల్లో వచ్చినవి. మడోకా మాత్రం అర్ధరాత్రి దాటాక, పెద్దవాళ్ల వేళలో వచ్చింది. జపాన్ వాళ్లకు బొమ్మ ముద్దుగా ఉందంటే పిల్లలదే అయి ఉండాలన్న నియమం ఎప్పుడూ లేదు.

ఆ నియమం మనది. తెలుగు ఇళ్లలో బొమ్మలు కదిలేదేదైనా కార్టూనే, కార్టూన్ అంటే అన్నం తినేటప్పుడు పిల్లల ముందు పెట్టేది. డోరేమాన్ మన పిల్లలకు అలాగే దగ్గరైంది. ఇప్పుడు అనిమేలు తెలుగు మాటలతో ఇళ్లలోకి వస్తున్నాయి, 2025లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో థియేటర్లకూ వచ్చింది. అయినా పెళ్లిళ్లలో ఏ బంధువో ఈ వయసులో ఇంకా బొమ్మల సినిమాలేనా అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న నా వయసు గురించి కాదు. బొమ్మల్లో తీవ్రమైనదేదీ ఉండదన్న నమ్మకం గురించి. అదే నమ్మకం పిల్లల గురించి కూడా మనకుంది. ఇంత పిల్లకు బాధేమిటి, వాడికేం తెలుసు, చదువుకోవడం తప్ప వాళ్లకు కష్టమేముంది అంటాం. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి పత్రికలు ప్రతి ఏటా ఈ నమ్మకాన్ని ముక్కలు చేస్తూనే ఉంటాయి. అయినా వదలం.

పిల్లలు ఈ కథలను ఎలా చూస్తారో నాకు చూపించింది మా మేనకోడలు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు గక్కో గురాషి పెట్టాను. 2015లో లెర్చె స్టూడియో తీసింది. యూకీ అనే అమ్మాయి బడి అంటే ప్రాణం పెడుతుంది, స్నేహితులతో బడిలోనే ఉండిపోయే ఒక సంఘం నడుపుతుంది, ఆమె చుట్టూ అంతా గలగల. మొదటి ఎపిసోడ్ చివర్లో కెమెరా ఆమె తరగతి గదిని మరొకరి కళ్లతో చూపిస్తుంది. అద్దాలు పగిలిపోయి, బెంచీలు తలకిందులై, ఎవరూ లేని గదిలో యూకీ ఒంటరిగా నిలబడి తోటి విద్యార్థులతో మాట్లాడుతూ ఉంటుంది. బయట మైదానంలో నడిచే శవాలు. మొదటిసారి చూసినవాళ్లు ఉలిక్కిపడే చోటు ఇదే. మా మేనకోడలు అంతకు పావుగంట ముందే, "మామయ్యా, ఆ టీచర్ మాటలకు యూకీ తప్ప ఎవరూ జవాబు చెప్పడం లేదు, చూశావా?" అంది.

మెగు-నె అని పిలిచే ఆ టీచర్ అప్పటికే చనిపోయింది. యూకీ ఊహలో మాత్రమే ఉంది. ఆ అమ్మాయికి తోచింది సరిగ్గా అదే. ఎలా కనిపెట్టావు అని అడిగితే, పెద్దవాళ్లు గదిలో ఉన్నా లేనట్టు ఉండటం హాస్టల్లో రోజూ చూసేదేగా అంది. ఆ జవాబు మీద నేనేమీ వ్యాఖ్యానించలేదు, ఇప్పుడూ వ్యాఖ్యానించను.

గక్కో గురాషి ప్రారంభ గీతంలో ఒక సంగతి ఉంది. పాట అదే ఉంటుంది, దృశ్యాలు మాత్రం ఎపిసోడ్లు గడిచేకొద్దీ మారిపోతూ వస్తాయి. శుభ్రంగా ఉన్న చోట పగుళ్లు, మనుషులు ఉన్న చోట ఖాళీలు. పాట వచ్చినప్పుడు దాటవేసేవాళ్లకు ఇది తెలియదు. మిగతా అమ్మాయిలు యూకీ భ్రమను ఎందుకు చెదరగొట్టరన్నది కథకు ఆయువుపట్టు. ఆమె ఆటల పోటీలు పెడదామంటే పెడతారు, ఉత్తరాలు రాసి బెలూన్లకు కట్టి వదులుదామంటే వదులుతారు. ఆమెను కాపాడుతున్నామని అనుకుంటూ వాళ్లు బతికేది ఆమె ఉత్సాహం మీదే. వాళ్లలో ఒకరైన కురుమి చేతిలో పారతో నడిచే శవాలను అడ్డుకుంటుంది, సాయంత్రం తిరిగివచ్చి యూకీతో కలిసి నవ్వుతుంది. రెండూ ఆమెకు అవసరమే. చివరి ఎపిసోడ్లో యూకీ నిజాన్ని ఎదుర్కొని మైకు ముందు నిలబడి, బడి అయిపోయింది, అందరూ ఇళ్లకు వెళ్లండి అని ప్రకటిస్తుంది. ఒకప్పుడు ఆ బడి పిల్లలైన శవాలు ఆ అలవాటైన గొంతు విని గేటు వైపు కదులుతాయి. భ్రమ అనుకున్న ఆ బడిప్రేమే వాళ్లను బతికించింది.

మేడ్ ఇన్ అబిస్ దగ్గర నా వాదన ఇంకా బలపడుతుంది, ఒక ఇబ్బందీ ఎదురవుతుంది. అకిహితో త్సుకుషి కామిక్‌ను 2017లో కినెమా సిట్రస్ స్టూడియో తీసింది, దర్శకుడు మసయుకి కొజిమా. గుండ్రటి బుగ్గల పిల్లలు, పచ్చటి కొండలు, గాలిమరలు, ఆస్ట్రేలియా సంగీతకారుడు కెవిన్ పెంకిన్ ఇచ్చిన స్వరాలు. మధ్యలో సుమారు కిలోమీటరు వెడల్పున్న అగాధం, దాని అంచు చుట్టూ ఓర్త్ పట్టణం. పన్నెండేళ్ల రికో, యంత్రబాలుడు రెగ్ ఆ అగాధం అడుగుకు బయల్దేరతారు. దాదాపు ప్రతి పరిచయమూ ఇలాగే ఉంటుంది: మొదట పిల్లల సాహసయాత్ర, తర్వాత నరకం.

మొదటి ఎపిసోడ్‌ను ఒకసారి పరికించి చూడండి. రికో అనాథాశ్రమంలో ఉంటుంది. ఆ ఆశ్రమంలో పిల్లల్ని అగాధంలోకి దింపి పాతకాలపు వస్తువులు తవ్విస్తారు. తెచ్చింది ఆశ్రమానికి ఇచ్చెయ్యాలి. తవ్వుతుండగా ఒక పిల్లవాడి మీదికి పెద్ద రాకాసి జంతువు వస్తుంది. ఇదంతా తెల్లవారు వెలుగులో, ఉల్లాసమైన సంగీతంతో జరుగుతుంది. పిల్లల చేత గనిపని చేయించే ఊరును చూసి మనం ఎంత అందంగా ఉందో అనుకున్నాం. కింద అగాధంలో బోండ్రూడ్ అనే అన్వేషకుడు పిల్లల మీద ప్రయోగాలు చేస్తాడని తెలిశాక గుండె చెదిరిందంటాం. పైన ఆశ్రమంలో జరిగేదీ కింద అతను చేసేదీ ఒకే తాడుకు రెండు కొసలు. ఈ కథ రచయిత మొదటి కొసను ముందే మన చేతిలో పెట్టాడు.

అగాధానికి ఒక నియమం ఉంది. దిగేటప్పుడు ఏమీ కాదు, పైకి ఎక్కేటప్పుడు శాపం తగులుతుంది. మొదటి పొరలో తలతిరుగుడు, వికారం. నాలుగో పొరలో ఒంట్లోని ప్రతి రంధ్రం నుంచి నెత్తురు. ఆరో పొర నుంచి పైకొస్తే చావు, లేకుంటే మనిషి రూపమే మిగలదు. కథలో జరిగే క్రౌర్యానికంతటికీ మూలం ఈ ఒక్క భౌతిక నియమం, దాన్నీ మొదట్లోనే వివరంగా చెప్పారు. పదో ఎపిసోడ్లో రికో చేతిలో విషపు ముల్లు దిగబడి, రెగ్ ఆమెను ఎత్తుకుని పైకెక్కి, శాపం తగిలి, ఆ చెయ్యి తెగ్గొట్టమని ఆ పిల్లే అడుగుతుంది. దాన్ని నేను కళ్లు తిప్పుకోకుండా చూడలేకపోయాను. పదమూడోదాంట్లో నానాచి కథ. బోండ్రూడ్ నానాచి, మిట్టీ అనే ఇద్దరు పిల్లల్ని ఆరో పొరకు దింపి పైకి లాగాడు. ఒకరి శాపాన్నీ మరొకరి మీదికి మళ్లించాడు. నానాచికి మెత్తటి బొచ్చు, పొడవాటి చెవులు వచ్చాయి. మిట్టీ చావు కూడా లేని మాంసపు ముద్దగా మారింది. నానాచి ముద్దొచ్చే రూపం ఆమె మీద జరిగిన నేరానికి సాక్ష్యం. అభిమానులు కొనుక్కునే నానాచి బొచ్చుబొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఈ కథలో పిల్లల శరీరాలను చూపే తీరు కొన్నిచోట్ల అనవసరంగా, అభ్యంతరకరంగా ఉంటుంది. కథకు దానితో ఏ అవసరమూ లేదు. నేను దాన్ని సమర్థించను, ఇంత గొప్ప కథలో అది ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది. మేడ్ ఇన్ అబిస్‌ను మెచ్చుకునేవాళ్లు ఈ మాట దాటవేయకూడదు.

వెలుగును ఎరగా మాత్రమే వాడిన కథలూ ఉన్నాయి. మడోకా విజయం తర్వాత అవి వరస కట్టాయి. 2018లో వచ్చిన మహో షోజో సైట్ వాటిలో నాకు అత్యంత నిరాశ కలిగించింది. నాయికను బడిలో హింసిస్తారు, ఇంట్లో అన్న కొడతాడు, మంత్రశక్తి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతారే గానీ ఆ అమ్మాయికి ఇష్టమైనది ఏమిటో, ఆమెకు పోయేదేమిటో కథకు పట్టదు. మడోకాకు నాన్న వంట ఉంది, యూకీకి బడి ఉంది. పోగొట్టుకోవడానికి ఏదీ లేని మనిషిని ఎంత కొట్టినా చూసేవాడికి అలసట తప్ప ఏమీ మిగలదు. ఇలాంటి కథలకే "బొమ్మలు చూసి మోసపోవద్దు" అన్న పరిచయం సరిపోతుంది, ఎందుకంటే వాటిలో నిజంగానే మోసం తప్ప ఇంకేమీ లేదు.

2014లో వచ్చిన యూకి యూనా కథ అలా కాదు. కగావా రాష్ట్రంలోని కనోంజి పట్టణం నేపథ్యం, ఊళ్లో అందరికీ ఉడాన్ నూడుల్స్ ఇష్టం, బడిలో నలుగురికీ సాయం చేసే వీరుల సంఘం. ఆ సంఘం పిల్లలే మంత్రబాలికల్లా యుద్ధం చేయాల్సి వస్తుంది. అందులో శక్తినంతా విప్పి వాడిన ప్రతిసారీ శరీరంలో ఏదో ఒకటి పోతుంది. యూనాకు రుచి పోయింది, ఇత్సుకికి గొంతు పోయింది. ఆ పిల్ల గాయని కావాలని రహస్యంగా పాట పంపింది. తొమ్మిదో ఎపిసోడ్లో ఆమె మొదటి వడపోతలో ఎంపికైందని ఇంటికి ఫోను వస్తుంది. ఫోను ఎత్తిన అక్క ఫూకు అప్పుడే ఆ సంగతి తెలుస్తుంది. చెల్లెలి గొంతు ఇక తిరిగి రాదని అప్పటికే తెలుసు. ఒక శుభవార్తతో ఇంత దెబ్బ కొట్టిన దృశ్యాన్ని నేను వేరే చూడలేదు. చివర్లో అందరికీ పోయినవి తిరిగొస్తాయి, దాన్ని చాలామంది తప్పుపట్టారు. నాకది తప్పనిపించలేదు. ఇత్సుకి మళ్లీ పాడాలని అప్పటికే మనసారా కోరుకున్నాను.

ఇటీవలి వాటిలో ఈ విషయాన్ని అందరికన్నా సూటిగా చెప్పింది టకోపీ. టైజాన్ 5 అనే కళాకారుడి కామిక్, రెండే సంపుటాలు. 2025లో ఆరు ఎపిసోడ్ల అనిమేగా వచ్చింది. ఆనందాన్ని పంచడానికి అంతరిక్షం నుంచి వచ్చిన గులాబీ రంగు ఆక్టోపస్ పిల్ల టకోపీ. దాని దగ్గర వింత పరికరాలెన్నో ఉంటాయి. డోరేమాన్ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే తెలిసిపోతుంది. నాలుగో తరగతి చదివే షిజుకాను బడిలో మరీనా హింసిస్తుంది. మరీనా తండ్రి షిజుకా తల్లి దగ్గరికి వెళ్తూ తన ఇంటిని నాశనం చేశాడు, ఆ కోపాన్ని మరీనా షిజుకా మీద తీర్చుకుంటోంది. టకోపీకి ఇదేమీ అర్థం కాదు. గొడవపడ్డ స్నేహితులు కలిసిపోవాలంటూ ఒక రిబ్బను ఇస్తుంది. షిజుకా దానితో తన ప్రాణం తీసుకుంటుంది. ఇది మొదటి ఎపిసోడ్లోనే జరుగుతుంది. టకోపీ కాలాన్ని వెనక్కి తిప్పి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ పరికరం, మళ్లీ విఫలం. బడుల్లో పిల్లల వేధింపులను అడ్డుకోవడానికి జపాన్ 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చుకుంది. సెప్టెంబర్ 1న, వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజున, పిల్లల ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయని ఆ దేశ ప్రభుత్వ నివేదికే 2015లో చెప్పింది. ఈ కథలోని చీకటి ఎవరి ఊహలోంచీ రాలేదు.

షిజుకా స్కూలు సంచి, ఆమె కుక్కపిల్ల చప్పీ, టకోపీ ఎగిరే తీరు అన్నీ ముద్దుగానే ఉంటాయి. షిజుకా జీవితంలో అవి కూడా నిజమే. తొమ్మిదేళ్ల పిల్ల నలుపు తెలుపు లోకంలో బాధపడదు. రంగు పెన్సిళ్ల పెట్టె పక్కన పెట్టుకునే బాధపడుతుంది.

ఇవి పిల్లలకు చూపించవచ్చా అని మా అక్క అడిగింది. మడోకా, గక్కో గురాషి పదో తరగతి దాటినవాళ్లకు చూపించవచ్చు, పెద్దవాళ్లు పక్కన ఉంటే మంచిది. మేడ్ ఇన్ అబిస్ వద్దు. దాని తరువాయిగా 2020లో వచ్చిన సినిమాకు జపాన్‌లోనే పదిహేనేళ్ల లోపువాళ్లకు ప్రవేశం లేదు, ఇంట్లో అంతకన్నా కఠినంగా ఉండాలి. టకోపీని మాత్రం ముందు తలిదండ్రులు చూడాలని చెప్పాను. అందులో నవోకి అనే అబ్బాయి ఉన్నాడు. అన్న జున్యా బాగా చదువుతాడు, తల్లి మార్కులు చూసి నవోకిని అతనితో పోలుస్తుంది, ఆమె మెప్పు కోసం తపించే ఆ పిల్లవాడు మాయలో పడినట్టు ఒక శవాన్ని దాచడానికి కూడా సాయపడతాడు. అతనికి దారి చూపేది ఏ పరికరమూ కాదు. ఒక రాత్రి జున్యా తమ్ముణ్ని ఆపి, ఏం జరిగిందో చెప్పు, నేనున్నాను అంటాడు. నవోకి ఏడుస్తూ మొదటినుంచీ అంతా చెప్పేస్తాడు. మా అక్క ఆ ఎపిసోడ్ చూశాక ఫోను చేసి, హాస్టల్లో ఉన్న కూతురికి ఆదివారాలు మాట్లాడే సమయం ఎంతని అడిగింది.